ఆవు లెక్క

పశువుల కొట్టంలో అతని మాటకు తిరుగులేదు. ఏ ఆవు ఎప్పుడు ఎదకు వస్తుందో ఆవుకంటే ముందు అతనికే తెలుస్తుందనేవారు. మేత వేస్తూ వేస్తూ ఒక ఆవు దగ్గర ఆగి, "దీన్ని రేపు విడిగా కట్టండి" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. తెల్లారేసరికి ఆ ఆవు మేత ముట్టకుండా, తాడు తెంపుకునేటట్టు అరుస్తూ ఉండేది. అందుకే పాలు పితికేవాళ్ళు అతనికి జోస్యుడని పేరు పెట్టారు. అతను ఆ పేరుకు మురిసిందీ లేదు, కాదన్నదీ లేదు.

నిజానికి అందులో జోస్యమేమీ లేదు. చూడటమే. తోక ఒక పక్కకు పెడుతుంది. పక్క ఆవు వీపు మీద గడ్డం ఆనిస్తుంది. పాలు కాస్త తగ్గిస్తుంది. వెనక గాజు తీగలాంటి జిగురు వేలాడుతుంది. అప్పుడే అదను. అది దాటిన ఒకటి రెండు రోజులకు తోక మీద రక్తపు మరక కనబడుతుంది. పనికి కొత్తవాళ్ళు ఆ మరక చూసి, ఆవు ఎదకొచ్చిందంటూ పరుగెత్తుకొచ్చేవారు.

"రాలేదు, వచ్చి పోయింది," అనేవాడతను. "రక్తం కనబడిందంటే దాటిపోయినట్టే. దానికి ముందే ఆబోతును వదలాలి."

ఆబోతును కూడా ఊరికే వదలనిచ్చేవాడు కాదు. రోజూ వదిలితే సత్తువ చచ్చిపోతుందని విడిగా కట్టేసి, మంచి దాణా పెట్టి, అదను వచ్చేదాకా ఆపేవాడు. ఇదంతా తండ్రి వెనక తిరుగుతూ నేర్చుకున్న విద్య. ఆ కొట్టంలో అతను చూస్తుండగా గొడ్డుపోయిన ఆవు లేదు.

ఇంట్లో మాత్రం పిల్లలు లేరు. పెళ్ళయి చాలా ఏళ్ళయింది.

ఇల్లు కొట్టం వెనక వీధిలోనే. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు చిన్న వసారా. కిటికీ పక్కన భార్య కుట్టుమిషను. వీధిలో ఆడవాళ్ళందరి బట్టలూ ఆమే కుట్టేది. మాట తక్కువ మనిషి. నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు ఉండేవి కాబట్టి మాట్లాడకపోయినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండేది కాదు.

మొగుడు పోయిన దగ్గరనుంచి అతని అక్క కూడా వాళ్ళతోనే ఉంటోంది. తల్లి లేని తమ్ముణ్ణి చిన్నప్పుడు చంకనేసుకుని పెంచింది ఆమే. అందుకని తమ్ముడి సంసారం తన చేతి కింది పని అన్నట్టు ఉండేది. పెరట్లో తాడు మీద ఆరేసిన గుడ్డలు చూసి, నెలనెలా అదే మాట అడిగేది.

"మళ్ళీ వచ్చిందా?"

భార్య తల ఊపేది.

"మా వాడు చూసిన పశువు ఏదీ గొడ్డుపోలేదమ్మా. ఇంట్లోకి వచ్చినదే ఇలా అయింది."

ఆ మాట అతని ముందే అనేది. అతను చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోయేవాడు. అక్కను వారించాలని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. పైకి అనకపోయినా తనూ అలాగే అనుకునేవాడు. తన వైపునుంచి ఏ లోటూ రానివ్వడం లేదనే అతని నమ్మకం.

భార్య చేదు కషాయాలు తాగింది. మాత్రలు మింగింది. ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ బల్ల మీద పడుకుని, వాళ్ళు చెయ్యమన్నవన్నీ చేయించుకుని వచ్చేది. చివరికి, పొట్ట మీద చిన్న గాటు పెట్టి గొట్టంతో లోపల చూడాలన్నారు. మత్తు ఇవ్వాలన్నారు. ఆ సంగతి తెలిసిన రోజు అక్క తమ్ముణ్ణి వసారాలో కూర్చోబెట్టింది.

"ఒరేయ్, ఇదే ఆఖరు. దీంట్లో కూడా ఆవిడదే లోపమని తేలితే వాళ్ళ అన్నయ్య ఇంటికి పంపించెయ్. నీకు నేను ఇంకో సంబంధం చూస్తాను. మనసులో అనుకున్నవాళ్ళు ఉన్నారు. ఏమంటావు?"

"చూద్దాం," అన్నాడతను.

వంటింట్లో గరిటె చప్పుడు ఒక్కసారి ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

అయితే మొగుణ్ణి చూడకుండా కత్తి పట్టనని డాక్టరమ్మ అందట. అందుకని ఆ వారం అతను కూడా బయల్దేరాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎంత రుద్దుకున్నా గోళ్ళ సందుల్లో కొట్టం వాసన పోలేదు. ఆసుపత్రి బల్ల మీద అందరూ ఆడవాళ్ళే. కొందరివి నిండు పొట్టలు. అతను కాళ్ళు బల్ల కిందికి లాక్కుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ పెద్దావిడ. గొంతు మెల్లన. పక్కన ఒక నర్సు దూది చుడుతూ నిలబడింది. గోడకు ఒక బొమ్మ వేలాడుతోంది. అది గర్భసంచి అని అతను చూడగానే పోల్చాడు. ఆవుదైతే పొడుగ్గా, వంపు తిరిగిన రెండు కొమ్ముల్లా ఉంటుంది. ఇది చిన్న సొరకాయను తలకిందులు చేసినట్టుంది. మనిషిది ఇంతేనా అనుకున్నాడు.

"మీరిద్దరూ కలిసేది ఎప్పుడెప్పుడు?" అని అడిగింది డాక్టరమ్మ.

అతను భార్య వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది.

"ఆవిణ్ణి ఎన్నిసార్లు అడిగినా కలిసే ఉంటున్నామండీ అంటుంది, అంతకుమించి చెప్పదు. మీరైనా చెప్పండి. ఇక్కడ సిగ్గుపడితే పని జరగదు."

ఇందులో సిగ్గుపడటానికేముంది, ఇది తన విద్యే కదా అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకు అదను తెలుసండీ. నెలసరికి ముందు రెండు మూడు రోజులు. రక్తం కనబడ్డాక లాభం లేదు గదా, ఆలోపే. ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది. చిరాకు పడుతుంది, నడుం పట్టుకుంటుంది. అప్పుడన్నమాట."

"మిగతా రోజులో?"

"మిగతా రోజులు కొట్టం దగ్గరే పడుకుంటానండీ. సత్తువ నిలవుండాలి గదా."

నర్సు చేతిలో దూది చుట్టడం ఆగిపోయింది. డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది.

"పెళ్ళయినప్పటినుంచీ ఇంతేనా?"

"అప్పటినుంచీ ఇంతేనండీ. ఒక్క నెల తప్పలేదు."

"ఎవరు చెప్పారు మీకు ఇలాగని?"

"ఎవరో చెప్పడమెందుకండీ. పశువుల్లో పుట్టి పెరిగినవాణ్ణి."

నర్సు గబగబా తెర వెనక్కి వెళ్ళింది. అక్కడినుంచి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని అతనికి తెలిసింది. ఎందుకో మాత్రం ఇంకా తెలియలేదు. కానీ మెడ వెనక వెచ్చబడటం మొదలైంది.

డాక్టరమ్మ నవ్వలేదు. లేచి గోడ మీది బొమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఆవు సంగతి మీరు చెప్పింది సరే కావచ్చు. మనిషి సంగతి వేరు. ఇటు చూడండి. ఇటొకటి, అటొకటి, ఇవి అండాశయాలు. నెలకొకసారి వీటిలో ఒకదానినుంచి ఒక అండం బయటికి వస్తుంది. సన్నటి ఇసుక రేణువంత ఉంటుంది. ఈ గొట్టంలోకి చేరుతుంది. అక్కడ అది బతికేది ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో మగవాడి బీజకణం దాన్ని కలవాలి. అవి కోట్లలో బయల్దేరతాయి, అండంలోకి దూరేది ఒక్కటే. ఆ రెండూ కలిస్తే పిండం. అది మెల్లగా జరుగుతూ గర్భసంచిలోకి వచ్చి అతుక్కుంటుంది. దాని కోసమని గర్భసంచి ముందుగానే లోపల పరుపులాగా మెత్తటి పొర పరిచి పెట్టుకుంటుంది. ఎవరూ రాకపోతే ఆ పొర ఊడి బయటికి పోతుంది. నెలసరంటే అదే. పక్క తీసెయ్యడం."

అతను బొమ్మ వైపే చూస్తున్నాడు.

"అంటే, రక్తానికి ముందు..."

"రక్తానికి ముందు అక్కడ ఎవరూ లేరు. అండం వచ్చి, ఒక రోజు చూసి, పోయి పది రోజులు దాటుతుంది. మీరు ఖాళీ ఇంటికి వస్తున్నారు. అదను నెల మధ్యలో. కొందరికి కాస్త ముందు, కొందరికి కాస్త వెనక. ముఖం చూసి చెప్పగలిగేది కాదు."

"నెల మధ్యలో," అన్నాడతను. సరిగ్గా దుప్పటి తీసుకుని కొట్టానికి పోయే రోజులు.

"బీజకణాలు లోపల రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే బతుకుతాయి. అందుకని ఏదో ఒక్క రోజు కోసం కాపలా కాయక్కర్లేదు. ఆ మధ్య రోజుల్లో రోజు విడిచి రోజు కలిసి ఉంటే చాలు. ఇంకొకటి. దాచిపెడితే పెరిగే సత్తువ కాదిది. మరీ ఎక్కువ రోజులు నిలవుంటే కణాల్లో చురుకు తగ్గుతుంది."

అప్పుడు భార్య తలెత్తింది. ఆ గదిలోకి వచ్చాక అదే ఆమె మొదటి మాట.

"మరి గాటు పెట్టే పరీక్షండీ?"

"ఇప్పుడేం వద్దమ్మా. కొన్ని నెలలు చూద్దాం. ఇదొక్కటే కారణమని నేను ఒట్టు వెయ్యలేను. మీ ఆయనకు కూడా ఒక పరీక్ష చెయ్యాలి. అది మొట్టమొదట చెయ్యాల్సింది." అతని వైపు తిరిగింది. "దాంట్లో కోతా లేదు, మత్తూ లేదు. ఒక చిన్న సీసా, అంతే. ఈవిడ ఇన్నాళ్ళు పడినదాంట్లో అది పిసరంత."

"సరేనండీ," అన్నాడతను.

"ఇది నాకెందుకు చెప్పలేదమ్మా నువ్వు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎలా చెప్పనండీ," అంది భార్య.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అతను చివర కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఆమె సంచి. చాలాసేపటికి అతను, మాట్లాడకపోతే బాగుండదని, "ఆవిడ చెప్పింది నిజమేనంటావా?" అన్నాడు.

"నాకేం తెలుసు. నేను పశువుల్లో పుట్టలేదు గదా."

బస్సు రెండు చోట్ల ఆగింది. జనం దిగారు, ఎక్కారు. అప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"నేను మీకు నచ్చలేదనుకున్నాను."

అతను తల తిప్పాడు.

"పెళ్ళయిన కొత్తల్లోనే దుప్పటి చంకన పెట్టుకుని కొట్టానికి వెళ్ళిపోయారు. ఏం తప్పు చేశానో అని ఏడ్చాను. తర్వాత, నేను నడుం నొప్పితో లేవలేకుండా ఉన్నప్పుడు వచ్చారు. ప్రతిసారీ అప్పుడే. ఒళ్ళు బాగున్న రోజుల్లో రారు, నొప్పిగా ఉన్నప్పుడే వస్తారు. నా మీద ఏదో కక్ష ఉంది కాబోలు అనుకున్నాను. తర్వాత అది కూడా అలవాటైపోయింది."

"పిల్లల కోసమే గదా అదంతా," అన్నాడు. తన గొంతు తనకే నచ్చలేదు.

"ఎందుకోసమైతేనేం. ఒక్కసారైనా నాతో చెప్పారా? నన్ను అడిగారా?"

ముందు సీటులో ముసలాయన చెవి ఇటు పెట్టినట్టున్నాడు. అతను చూపు తిప్పుకున్నాడు. కొట్టంలో ప్రతి ఆవు చెవి ఎటు వాలుతుందో, కన్ను ఎప్పుడు చెమ్మగిల్లుతుందో అతనికి తెలుసు. ఒళ్ళు బాగున్న రోజుల్లో భార్య ముఖం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. ఆమె చిరాకు ముఖం ఒక్కటే గుర్తుంది. ఆ చిరాకును ఇన్నేళ్ళూ అదను అనుకున్నాడు. అది నొప్పి. దిగేదాకా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు.

అక్క గుమ్మంలోనే ఉంది. భార్య ఆమె పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమన్నారు? ఎప్పుడు కోస్తారు?"

"కొయ్యరు."

"ఇక లాభం లేదన్నారా? అయితే నేను ఆ సంబంధం వాళ్ళకు కబురు పెడతాను."

"అక్కా, ఆగు. ఆమెలో ఇంతవరకూ ఏ లోపమూ కనబడలేదు."

"మరి ఎవరిలో?"

అతను వసారా మెట్టు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు తన ముడ్డి కడిగి, తల దువ్విన మనిషితో ఈ మాట ఎలా చెప్పాలి. కొట్టంలో అయితే ఎద అనీ చూలు అనీ ఎవరి ముందైనా అనేస్తాడు. ఇక్కడ నాలుక మెలిపడింది.

"నాకు తెలియలేదక్కా."

"ఏం తెలియలేదు?"

"ఎప్పుడు... ఏ రోజుల్లోననేది. నేను ఆవు లెక్కన పోయాను. మనిషి లెక్క వేరట."

అక్క అతని ముఖం కేసి చూసింది. అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక చేత్తో నోరు మూసుకుంది. భుజాలు కదిలాయి. "ఆవు లెక్కనా? ఒరేయ్, ఆవు లెక్కనా?" అంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత నవ్వు పోయింది. వీధి ఇటూ అటూ చూసి, అతని పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. బయట తెలిస్తే తలెత్తుకుని తిరగలేవు. ఆవుల దగ్గర కూడా నీ మాట ఎవరూ వినరు. ఆవిడకే లోపమని ఇప్పటికే అందరూ అనుకుంటున్నారు గదా. అలాగే అనుకోనీ. రేపు పిల్లలు పుడితే మందు పనిచేసిందంటారు. ఎవరికీ నష్టం లేదు."

వంటింట్లో చప్పుడు లేదు. ఈసారి గరిటె ఆగడానికి, అసలు మొదలే కాలేదు. తలుపు వెనక ఆమె నిలబడి ఉందని అతనికి తెలుసు. చూద్దాం అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగాడు. లేచి, పాలు పితికే వేళయిందని కొట్టానికి వెళ్ళిపోయాడు. ఎప్పటిలాగే.

మరునాడు పొద్దున పాలు పితకడం అయ్యాక పనివాళ్ళంతా డబ్బాల చుట్టూ కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు నోటి దురుసు మనిషి. మనసులో ఏమీ ఉండదు.

"అన్నా, నిన్న వదినను ఆసుపత్రికి తీసుకెళ్ళావట. ఏమన్నారు? ఇక ఆవిడకు కాదన్నారా?"

అతను చేతిలో ఉన్న తాడు చూసుకున్నాడు. ముడి విప్పాడు, మళ్ళీ వేశాడు.

"ఆమెను అనకండి," అన్నాడు. "తప్పు నాది. మనిషికి రక్తం ముందూ అదను తర్వాతా అని నాకు తెలియదు. నెలసరికి ముందే వెళ్ళేవాణ్ణి, ఆవు లెక్కన. మిగతా రోజులు ఇక్కడ పడుకున్నాను."

ఎవరో ముక్కులో నవ్వారు. అంతే, కట్ట తెగింది.

"అయితే వదిన అరిచేదాకా ఆగావా అన్నా?"

"తోక కోసం వెతికి ఉంటాడు పాపం."

"మనం ఆబోతుకు పెట్టిన దాణా సగం ఈయనే తిన్నాడనుకుంటా."

అతను నవ్వలేదు, కోప్పడలేదు. వాళ్ళు నవ్వినంతసేపూ నిలబడ్డాడు. చెవులు మండుతున్నాయి. అయినా లోపల ఎక్కడో కొంచెం తేలికపడ్డాడు. ఇక ఆమెను ఎవరూ అనరు, అనుకున్నాడు. వాళ్ళలో ఒక వయసు మళ్ళినవాడు మాత్రం నవ్వలేదు. మిగతావాళ్ళు లేచి పోయాక దగ్గరికి వచ్చి, "అదను నెల మధ్యలోనా?" అని మెల్లగా అడిగి, తెలుసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మిషను ఆగి ఉంది. భార్య కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. అక్క లోపలి గదిలో తలుపు వేసుకుంది.

"చెప్పేశాను," అన్నాడతను. "అందరికీ చెప్పేశాను. తప్పు నాదేనని."

"తెలుసు. మధ్యాహ్నానికే తెలిసింది." ఆమె గొంతులో అతను ఎదురుచూసిన మెత్తదనం లేదు. "జాకెట్టు కొలతలకని ముగ్గురొచ్చారు. ఒక్కరికీ జాకెట్టు అక్కర్లేదు. నా నడుం నొప్పి ఎప్పుడొస్తుందో, నా పక్కలోకి మీరు ఎప్పుడొస్తారో, ఎప్పుడు పోతారో వీధి మొత్తానికి తెలుసు ఇప్పుడు. నవ్వుతూ మిషను ముందు కూర్చున్నారు. నేను ఎటు చూడాలో చెప్పండి."

"నిన్ను ఎవరూ గొడ్రాలనకూడదని..."

"మంచిదే. అనరు ఇక." ఆమె ఒళ్ళో దారపు పోగు ఒకటి తీసి వేలికి చుట్టుకుంది. "ఇది కూడా నన్ను అడక్కుండానే చేశారు."

అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. పొద్దున కొట్టంలో అంతమంది ముందు పడిన సిగ్గు దీని పక్కన ఏమీ కాదనిపించింది. అక్కడ తెలియక చేసిన తప్పు చెప్పుకున్నాడు. ఆమెను అడక్కపోవడం తప్పని తెలిసిన మర్నాడే ఇది చేశాడు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు. ఆమెను అలా అడగడం అతనికి కొత్త. మాట సరిగ్గా కుదరలేదు.

ఆమె తొందరపడలేదు. దారం విప్పి, ఉండ చుట్టి, పెట్టెలో పడేసింది.

"మీ అక్కతో ఆ సంబంధం మాట ఇక ఎత్తొద్దని చెప్పండి. నాకు వినబడేటట్టు చెప్పండి. మీ పరీక్షకు వెళ్ళండి, ఒక్కరే. నేను ఎన్నిసార్లు ఒక్కదాన్నే వెళ్ళానో మీకు తెలుసు." కొంచెం ఆగింది. "కొన్నాళ్ళు కొట్టం దగ్గరే పడుకోండి. నేను పిలిచినప్పుడు రండి."

ఎప్పుడు పిలుస్తావని అడగబోయి, నోరు మూసుకున్నాడు. అక్క గది తలుపు ముందుకు వెళ్ళి నిలబడి, గొంతు పెంచి, ఆ సంబంధం మాట ఈ ఇంట్లో ఇక వద్దన్నాడు. మళ్ళీ చెప్పాడు. "విన్నాలే," అంది అక్క.

దుప్పటి మడత పెట్టుకుంటుంటే వంటింట్లో కంచం పెట్టిన చప్పుడైంది.

"తిని వెళ్ళండి," అంది భార్య.

అతను దుప్పటి పక్కన పెట్టి కంచం ముందు కూర్చున్నాడు. ఆమె వడ్డిస్తోంది. తల ఎత్తితే ఆమె ముఖం కనబడుతుంది. ఇవాళ నడుం నొప్పి లేని రోజే. ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలని చాలా ఉంది అతనికి. కంచంలోకే చూస్తూ తిన్నాడు.